బోర్డు మీద గార్డెన్స్, బాల్కనీలో మొగ్గ రాని చామంతి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సిటీ ఎడిషన్‌లో చలికాలం గార్డెన్ పెళ్ళిళ్ళ గురించి ఒక పేజీ నిండా రంగుల ఫొటోలు వేశారు. బావుంది, కాదనను. పచ్చిక మీద తెల్ల కుర్చీలు, చెట్లకి దీపాల తోరణాలు, పెళ్ళికూతురి వెనక గోడంతా పూలు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆ పచ్చిక ప్లాస్టిక్, గోడ మీద పూలు ప్లాస్టిక్, దీపాలు చుట్టిన ఆ చెట్టు మీద కూడా నాకు అనుమానమే. గార్డెన్ అన్న మాట మాత్రం ఆ పేజీలో తొమ్మిదిసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. రిటైరైన మనిషిని, నాకు టైముంది.

మా హైదరాబాదులో పెళ్ళికార్డు మీద ఫలానా గార్డెన్స్ అని ఉంటే అది తోట కాదని, ఫంక్షన్ హాలని ఇక్కడివాళ్ళందరికీ తెలుసు. బయటివాళ్ళకి తెలీదు. మా అన్నయ్య తెనాలి నుంచి మొదటిసారి మా కొత్త ఇంటికి వచ్చినప్పుడు సాగర్ రోడ్డులో బోర్డులన్నీ చదువుకుంటూ వచ్చి "ఇన్ని తోటలున్నాయేమే మీ వైపు, కూరలు చౌకగా దొరకాలే" అన్నాడు. వాడు వెటకారానికి అన్నాడేమో అనుకున్నాను, కాదు, నిజంగానే అన్నాడు.

పాతవాళ్ళ సంగతీ చెప్పాలి మరి. బషీర్‌బాగ్, జామ్‌బాగ్, కుందన్‌బాగ్, బాగ్ లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట, ఈ బాగ్ అంటే తోటే కదా. అక్కడ తోటలు పోయి పేర్లు మిగిలాయి. ఇప్పటివాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు, ముందే పేరు పెట్టేసుకుని తోట జోలికే పోవడంలేదు.

సరే, పేరుతో నాకు పేచీ లేదు, ఎవరి వ్యాపారం వాళ్ళది. నా పేచీ లైట్లతో. మా అపార్ట్‌మెంటు వెనక ప్రహరీగోడకి అవతల అలాంటి గార్డెన్స్ ఒకటుంది. పేరు రాయను, రాస్తే మీరు వెయ్యరు, వేసినా వాళ్ళు నా మీదకి వస్తారు. ఏడేళ్ళుగా ఉంది, మా ఇరుగుపొరుగుతనం ఏదోలా గడిచిపోతోంది. ఈ ఏడు శ్రావణమాసం ముహూర్తాలకి ముందు వాళ్ళు పాత లైట్లు తీసేసి నాలుగు పొడవాటి స్తంభాలు పాతి ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్లు పెట్టారు. అందులో ఒకటి సరిగ్గా మా రెండో అంతస్తు బాల్కనీ వైపు తిరిగి ఉంటుంది. ఎంత వెలుగంటే రాత్రి పదకొండింటికి బాల్కనీలో లైటు వేసుకోకుండా పేపరు చదవొచ్చు. మాటవరసకి అనడం లేదు, చదివాను, మీ పేపరే, టెండర్ ప్రకటనలతో సహా. ఫంక్షన్ ఉన్న రోజే కాదు, లేని రోజు కూడా తెల్లవార్లూ అవి వెలుగుతూనే ఉంటాయి.

నా బాల్కనీలో ఏడు చామంతి కుండీలున్నాయి. మూడు పసుపు, రెండు తెలుపు, ఒకటి ఎర్రమట్టి రంగు, ఇంకొకటి మా కోడలు ఎవరో ఆఫీసులో ఇస్తే తెచ్చింది, దాని రంగేమిటో పూస్తేగానీ తెలీదు. ప్రతి ఏడూ ఆషాఢంలో కొమ్మలు తుంచి నాటుకుంటాను, నాలుగాకులు వచ్చాక చివర్లు గిల్లుతాను, గిల్లితే గుబురుగా పక్కకొమ్మలు వేస్తాయి. దసరా నాటికి మినప్పప్పు గింజంత మొగ్గలు కనపడాలి. ఈసారి కనపడలేదు. మొక్కలు మాత్రం కోడిపుంజుల్లా నిగనిగలాడుతూ పైకి పెరుగుతున్నాయి, ఆకు ఇంత వెడల్పు. ఎరువు ఎక్కువైందేమో అనుకున్నాను. తరవాత ఎప్సమ్ సాల్ట్ వెయ్యమని ఒకరు, అరటితొక్కల నీళ్ళు పొయ్యమని ఒకరు, వేపపిండి అని ఇంకొకరు. అన్నీ చేశాను. ఆకులు ఇంకా బాగా వచ్చాయి.

చివరికి మెయిన్ రోడ్డు మీద మొక్కలమ్మే అతన్ని అడిగాను. కడియం నుంచి లారీలో వచ్చే సరుకు అతనిది, మనిషిదీ ఆ గోదావరి వైపే. మొక్క చూడకుండానే "రాత్రి పూట లైటు పడతాదాండీ దాని మీద?" అన్నాడు. పడుతుందన్నాను. "ఇంకేటండి, అది ఇంకా ఎండాకాలమే అనుకుంటంది. చామంతికి పొడుగు రాత్రి కావాలండి, చీకటి పడాలి. మావైపు రైతులు పూత ఆలస్యంగా రావాలంటే పొలంలో బల్బులు కడతారండి" అన్నాడు. ఇన్నేళ్ళుగా పెంచుతున్నాను, ఈ ముక్క నాకు తెలీదు. తరవాత మా మనవడి చేత నెట్‌లో వెతికించి చూస్తే మాట నిజమే. పగలు కురచై రాత్రి పొడుగైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది, మధ్యరాత్రి కాసేపు లైటు పడినా దాని లెక్క తప్పుతుంది. పాలీహౌసుల్లో పెంచేవాళ్ళయితే తొందరగా పూలు కావాలంటే సాయంత్రమే నల్లగుడ్డ కప్పేస్తారట.

మా ఇంట్లో నల్లగుడ్డ లేదు. మావారి పాత గొడుగులు రెండున్నాయి, ఊచలు విరిగినవి. బట్ట ఊడదీసి, దసరా వెళ్ళిన మర్నాటి నుంచి రెండు కుండీలకి రోజూ సాయంత్రం ఆరింటికి కప్పడం, పొద్దున ఆరున్నరకి తీయడం మొదలుపెట్టాను. మిగతా ఐదూ అలాగే వదిలేశాను. మావారు నవ్వారు, చిలకకి పంజరం మీద దుప్పటి కప్పినట్టుంది అన్నారు. కార్తీక పౌర్ణమికి దీపాలు పెట్టడానికి బాల్కనీలోకి వెళ్ళినప్పుడు చూశాను, కప్పిన రెండు కుండీల్లోనూ కొమ్మ చివర ఆకుల మధ్య ఆకుపచ్చగా గుండుసూది తలకాయల్లా మొగ్గలు. ఒకదానికి పదకొండు, ఒకదానికి పద్నాలుగు. కప్పని ఐదింటిలో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇవాళ్టికి ఆ రెండూ విచ్చాయి. రంగు తెలీని కుండీ కప్పిన రెండింట్లో ఒకటి, వంకాయ రంగు, ఇప్పుడు తెలిసింది.

ఈ ఉత్తరం చామంతి పూయలేదన్న బాధతో రాస్తున్నదని నవ్వుకోకండి. మొక్కకే లెక్క తప్పుతుంటే మనుషులకి తప్పదా? మా కింది ఫ్లాట్‌లో పదోక్లాసు పిల్లాడు కిటికీకి అట్టముక్కలు అంటించుకుని పడుకుంటున్నాడు. ప్రహరీ పక్క వేపచెట్టు మీద కాకులు అర్ధరాత్రి తెల్లారిందనుకుని లేచి అరుస్తున్నాయి. నేను కూడా తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూచుంటున్నాను, అది వయసు అంటారు మావారు, వయసు కాదు, లైటు.

మేనేజరుతో మాట్లాడాను. కుర్రాడు మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. "లైట్లు ఆపితే పార్కింగ్‌లో బైకులు పోతున్నాయి ఆంటీ" అన్నాడు. బైకుల మీద వెయ్యి నాయనా, నా బాల్కనీ మీద ఎందుకు, ఆ లైటు తల కాస్త కిందికి వంచితే చాలు కదా అన్నాను. "అన్నని అడగాలి" అన్నాడు. ఆ అన్న ఎవరో, ఎక్కడుంటాడో, ఇప్పటికి రెండు నెలలైంది, ఇంకా అడుగుతూనే ఉన్నట్టున్నాడు. మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి కాగితం ఇస్తే అక్కడి ఆయన సాంతం చదివి, పాపం నిజాయితీగానే, "చామంతి పూయలేదని కంప్లైంటు ఏ కాలమ్‌లో రాసుకోవాలమ్మా?" అని అడిగాడు. మొక్క సంగతి కొట్టేసి లైటు అని రాసుకోండి అన్నాను. దానికీ కాలమ్ లేదట. శబ్దానికుంది, చెత్తకుంది, కుక్కలకుంది, లైటుకి లేదు.

శబ్దానికి కాలమ్ ఉండి మాత్రం ఏం లాభం. 2000 సంవత్సరం నాటి నిబంధనలే ఉన్నాయి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదని, ఇళ్ళున్నచోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని. మా వెనక ఏం జరుగుతుందంటే, పదింటికి డీజే కుర్రాడు "లాస్ట్ సాంగ్" అని అనౌన్స్ చేస్తాడు. ఆ లాస్ట్ సాంగ్ పదకొండూ నలభైకి అయిపోతుంది. మనవడు ఫోన్‌లో ఏదో యాప్ పెట్టి కొలిస్తే డెబ్బై దాటింది, ఫోన్ కొలత కాబట్టి దాన్ని పట్టుకుని వాదించను. చలికాలంలో ఇంకో చిక్కుంది. పొద్దుగూకాక నేల తొందరగా చల్లబడుతుంది, కింద గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉండిపోతుంది, అప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికే వంగి చాలా దూరం పాకుతుంది. ఎండాకాలంలో వినపడని బరాత్ బ్యాండు డిసెంబరులో నాలుగు వీధుల అవతలినుంచి వచ్చి మంచం పక్కన వాయించేది అందుకే. బాణాసంచా పొగా అంతే, పైకి పోదు, పొద్దున వాకింగ్‌కి వెళితే ఇంకా అక్కడే ఉంటుంది.

ఇంత రాశాను కాబట్టి మా తప్పు కూడా చెప్పుకోవాలి. నాలుగేళ్ళ క్రితం మా రెండోవాడి రిసెప్షన్ మేమూ అలాంటి గార్డెన్స్‌లోనే చేశాం, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, డిసెంబరు మొదటివారం. ఓపెన్ లాన్ కావాలని పిల్లల పట్టుదల. ఎనిమిదింటికల్లా మంచు మొదలైంది. ఆడవాళ్ళందరూ పట్టుచీరల మీద కొంగు కప్పుకుని ముడుచుకుని కూచున్నారు, మా పెద్దత్తయ్య మంకీ క్యాప్ పెట్టుకునే ఫొటో దిగింది, ఇప్పటికీ ఆల్బమ్‌లో ఆవిడెవరని పిల్లలు అడుగుతారు. బిర్యానీ పళ్ళెంలోకి వచ్చిన ఐదు నిమిషాల్లో చల్లారిపోయింది, పప్పులో వేసిన నెయ్యి తెల్లగా పేరుకుపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ బావుందన్నారు, తొమ్మిదిన్నరకల్లా మైదానం ఖాళీ. డీజేకి మాత్రం పన్నెండు దాకా డబ్బు కట్టేశాం కాబట్టి అతను ఖాళీ కుర్చీలకి వాయించాడు. ఆ రాత్రి అవతలి గోడ పక్కన ఎవరి ఇల్లుందో, ఎవరి చామంతులున్నాయో నేను ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

కార్తీకంలో మా అపార్ట్‌మెంటు వాళ్ళ వనభోజనాలు కూడా మా వెనక గార్డెన్స్‌లోనే పెట్టారు. దగ్గర కదా, పిల్లలకి సేఫ్ అని. ఉసిరి చెట్టు నీడన తినాలి కదా, అక్కడ ఉసిరి చెట్టెక్కడిది? క్యాటరింగ్ అతను ఒక ఉసిరికొమ్మ తెచ్చి ప్లాస్టిక్ బకెట్‌లో ఇసుక పోసి నిలబెట్టాడు. పసుపు కుంకుమ పెట్టాం. రెండు వందలమందిమి ఆ బకెట్ చుట్టూ ప్లాస్టిక్ గడ్డి మీద కుర్చీలు వేసుకుని పులిహోర, పనసపొట్టు కూర తిన్నాం. మధ్యాహ్నానికి కొమ్మ వాడి ఆకులు రాలాయి, ఎవరో పిల్ల ఊడ్చి పారేసింది. వనం లేని వనభోజనం. ఇందిరా పార్కు 76 ఎకరాలుంది, ఊరి నడిమధ్యలో. సంజీవయ్య పార్కు ఉంది. అక్కడికి వెళదామంటే పార్కింగ్ టెన్షన్ అన్నారు కమిటీవాళ్ళు.

నేను అసలు గార్డెన్ చూసిన మనిషిని. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్, పాతవాళ్ళు బాగ్-ఎ-ఆమ్ అనేవారు, అంటే అందరి తోట అని. 1846 నాటిది. మన నుమాయిష్, అదే ఏటా చలికాలంలో పెట్టే ఎగ్జిబిషన్, పుట్టింది కూడా అక్కడే, 1938లో, తరవాత 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. చలికాలం సాయంత్రాలు ఊరంతా కలిసే చోటు మొదట ఒక నిజం తోటలోనే మొదలైందన్నమాట. మావారిని నేను మొదటిసారి చూసిందీ ఆ తోటలోనే, 1984 జనవరిలో. ఇంట్లో పెళ్ళిచూపులంటే హడావిడని రెండువైపులవాళ్ళూ అక్కడ కలుద్దామనుకున్నారు. బెంచీ మీద మా నాన్నగారు, మామగారు, నేనూ మా అమ్మా కాస్త ఎడంగా పచ్చిక మీద దుప్పటి పరుచుకుని. వేరుశనక్కాయలు తిన్నాం. ఆరయ్యేసరికి చీకటి పడింది, మనిషి మొహం సరిగ్గా కనపడలేదు, రేపు మళ్ళీ చూసి చెబుతానన్నాను. మా అమ్మ తొడపాశం పెట్టింది. మంచి చీకటి.

ఇప్పుడు నెలగంట పెట్టబోతున్నారు. ధనుర్మాసంలో మా పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఒకప్పుడు ఆ నెల ప్రశాంతంగా ఉండేది. పొద్దున్నే గుళ్ళో తిరుప్పావై, వాకిట్లో ముగ్గు, గుమ్మడిపూల గొబ్బెమ్మలు, సాయంత్రం తొందరగా పడకలు. ఇప్పుడు ముహూర్తాలు లేకపోయినా హాళ్ళు ఖాళీగా ఉండవు. కంపెనీ పార్టీలు, పాత విద్యార్థుల గెట్‌టుగెదర్లు, పుట్టినరోజులు, డిసెంబరు 31 సరేసరి. చేసుకోనివ్వండి, ఏడాదికోసారి వచ్చే చలికాలం, ఆరుబయట కూచోగలిగేది మనకి ఈ మూడు నెలలే. నేనూ వెళతాను, పిలిస్తే.

అడిగేది చాలా కొంచెం. ఫంక్షన్ లేని రాత్రి ఫ్లడ్‌లైట్లు ఆపండి, బైకుల భయమైతే గేటు దగ్గర రెండు ఉంచుకోండి. ఉన్న రాత్రి లైటు తల కిందికి వంచండి, పైకి ఒక రేకు టోపీ పెట్టండి, వెల్డింగ్ షాపులో చేసిస్తారు. గోడ పక్కన ప్లాస్టిక్ గడ్డి తీసేసి పది చెట్లు నాటండి. నాకు తెలిసిన ఒకచోట పాత మామిడిచెట్లు కొట్టకుండా వాటికిందే బల్లలు వేశారు, ఆ రోజు మా ఎవరి నెత్తి మీదా మంచు పడలేదు, పప్పులో నెయ్యి పేరుకోలేదు. ఇది మొక్కల కోసం చెప్పడం లేదు, వాళ్ళ వ్యాపారం కోసమే చెబుతున్నాను. ఇక లైసెన్సులిచ్చేవాళ్ళకి ఒక్క మనవి, కంప్లైంట్ ఫారమ్‌లో లైటుకి కూడా ఒక కాలమ్ పెట్టండి.

మీకూ ఒకటి అడగాలి. గార్డెన్ పెళ్ళిళ్ళకి పేజీ ఇచ్చారు కదా, జనవరిలో నెక్లెస్ రోడ్డు మీద నర్సరీ మేళా పెడితే దానికీ అంత పేజీ ఇవ్వండి. డిసెంబరాలు ఎప్పుడు కత్తిరించాలి, బంతినారు ఎప్పుడు పోసుకోవాలి, బాల్కనీకి ఎంత ఎండ చాలు, ఇలాంటివి అడిగేవాళ్ళు మా అపార్ట్‌మెంటులోనే ఇరవైమంది ఉన్నారు, చెప్పేవాళ్ళు లేక ఎప్సమ్ సాల్ట్ పోసుకుంటున్నాం. చీకటి సంగతి కూడా అందులో వెయ్యండి. నాకు ఆ ముక్క శ్రావణంలోనే తెలిసుంటే ఏడింటికీ సరిపడా పాత గొడుగులు ఎక్కడైనా వెతికించేదాన్ని, ఏడు కుండీలూ పూసేవి.

ఆరవుతోంది, వెనక లైట్లు వేసేశారు. వెళ్ళి గొడుగుబట్ట కప్పాలి, కప్పని ఐదింటికీ నిన్ననే పాత నల్ల పరికిణీలు చింపి తొడుగులు కుట్టాను. సంక్రాంతికి కాకపోయినా రథసప్తమికైనా పూస్తాయేమో చూడాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సాగర్ రోడ్డు, హైదరాబాదు